నాలుగో అంకె మీద రూపాయి గుర్తు: నల్లగొండలో కొన్న ఒక కీబోర్డు గురించి

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక కంప్యూటర్ విడిభాగాల దుకాణంలో, గడచిన వేసవి సెలవుల్లో ₹650 పెట్టి నేను ఒక తీగ కీబోర్డు కొన్నాను. పేరుమోసిన కంపెనీది కాదు. మొత్తం 104 మీటలు, కుడివైపు విడిగా నంబర్ ప్యాడ్, నాలుగో అంకె మీట మీద ఒక మూలన చిన్న రూపాయి గుర్తు, ప్రతి ఆంగ్ల అక్షరం పక్కన ఆకుపచ్చ రంగులో ఒక తెలుగు అక్షరం ఉన్నాయి. పది నెలలుగా రోజూ దీని మీదనే ప్రశ్నపత్రాలు, పాఠ్య పత్రాలు, పాఠశాల ఉత్తరాలు తయారుచేస్తున్నాను. మీటల మెత్తదనం గురించో, చప్పుడు గురించో చెప్పవలసినది కొద్దిగానే ఉంది. మామూలు అక్షరమాలలో లేని గుర్తులను కొట్టవలసి వచ్చినప్పుడు ఈ కీబోర్డు ఎంతవరకు అక్కరకు వచ్చింది, ఎక్కడ చేయి ఇచ్చింది అన్నదే ఈ సమీక్షలో ముఖ్య విషయం.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలు బోధిస్తాను. మా పాఠాలలో గుర్తు తప్పితే అర్థమే తప్పుతుంది. ఒకప్పుడు ప్రశ్నపత్రాలను చేత్తో రాసి డీటీపీ కేంద్రంలో ఇచ్చేవాళ్లం. అలా ఇచ్చిన ఒక యూనిట్ టెస్టు పత్రంలో డిగ్రీ గుర్తు పెట్టవలసిన చోట, అక్కడి కుర్రవాడు సున్నాను చిన్నదిగా చేసి పైకి జరిపాడు. కాగితం మీద చూడటానికి అది బాగానే ఉంది. తరువాత అదే ఫైలును ఇంకొక ఫాంటులోకి మార్చినప్పుడు పైకి జరిపిన అలంకారం ఊడిపోయి సున్నా కిందికి దిగింది. నీరు 1000 సెల్సియస్ వద్ద మరుగుతుందని తొమ్మిదో తరగతి పిల్లలకు అచ్చయి వచ్చింది. ఒక పిల్లవాడు మాత్రం లేచి, "సార్, గింత వేడికి గిన్నె గూడ కరుగుతది గద?" అని అడిగాడు. అల్యూమినియం 660° దగ్గరే కరుగుతుంది కాబట్టి అతని సందేహం సబబైనదే. ఆ రోజు నుంచి ప్రశ్నపత్రాలను నేనే కొట్టుకోవాలని నిర్ణయించుకున్నాను.

దుకాణదారు ఈ కీబోర్డును చూపుతూ మొదట చెప్పిన మాట రూపాయి గురించే. "సార్, ఇది మన ఇండియా కీబోర్డు, రూపాయి గుర్తు గూడ ఉన్నది చూడుండ్రి" అన్నాడు. ఇంటికి తెచ్చి పెట్టి, కుడివైపు ఆల్ట్ మీటను పట్టి నాలుగు నొక్కితే తెర మీద ఏమీ రాలేదు. షిఫ్ట్ పట్టి నొక్కితే డాలరు వచ్చింది. కంట్రోల్‌తో కూడా ప్రయత్నించి, వస్తువులోనే లోపం ఉందని అనుకుని మరునాడు తిరిగి ఇవ్వడానికి డబ్బాలో సర్దాను కూడా. దుకాణానికి పోకముందే, పాలమూరులో గణితం చెప్పే ఒక మిత్రుడు ఫోనులో అడిగిన ఒక్క ప్రశ్నతో విషయం తేలిపోయింది. "మీ కంప్యూటర్ల లేఅవుట్ ఏం పెట్టిన్రు సార్, అమెరికాదా, ఇండియాదా?"

మీట మీద ఏ గుర్తు అచ్చు వేసి ఉన్నదో కీబోర్డుకు తెలియదు. మనం ఒక మీటను నొక్కినప్పుడు అది కంప్యూటరుకు పంపేది అక్షరాన్ని కాదు, "ఫలానా వరుసలో ఫలానా స్థానంలోని మీటను నొక్కారు" అని తెలిపే ఒక సంకేత సంఖ్యను మాత్రమే. ఆ స్థానానికి ఏ అక్షరం రావాలో తేల్చేది కంప్యూటరులో ఎంచుకున్న లేఅవుట్. విండోస్‌లో యునైటెడ్ స్టేట్స్ లేఅవుట్ ఉన్నంతకాలం కుడి ఆల్ట్ మీట ఎడమ ఆల్ట్‌కు జోడు మాత్రమే. దానితో నాలుగు కలిపితే అక్షరమేదీ పుట్టదు. భాషల సెట్టింగులలో ఇంగ్లిష్ (ఇండియా) కీబోర్డును ఎంచుకున్న క్షణం నుంచి అదే కుడి ఆల్ట్ మరొక వరుస అక్షరాలను తెరిచే మీటగా మారుతుంది, నాలుగుతో కలిపి నొక్కితే రూపాయి గుర్తు వస్తుంది. అంటే, రూపాయి గుర్తు అచ్చు లేని ₹300 కీబోర్డు మీద కూడా ఇదే అమరికతో అదే గుర్తు వస్తుంది. దుకాణదారు అబద్ధం చెప్పలేదు, నిజం పూర్తిగా చెప్పనూ లేదు. డబ్బా మీద ఒక్క వాక్యం అచ్చు వేసి ఉంటే నాకు ఒక రాత్రి నిద్ర మిగిలేది.

రూపాయి గుర్తుకు ఉన్న చరిత్ర కూడా ఈ తికమకకు కొంత కారణం. ఐఐటీ బొంబాయిలో చదివిన ఉదయ కుమార్ రూపొందించిన గుర్తును కేంద్ర మంత్రివర్గం 2010 జులై 15న ఆమోదించింది. ప్రపంచ భాషల అక్షరాలకు, గుర్తులకు ఒక్కో సంఖ్య కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో, అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 6.0 కూర్పులో దానికి స్థానం దక్కింది. కానీ అంతకు ముందే తయారైన కంప్యూటర్లలో, ఫాంట్లలో ఆ గుర్తు లేదు. విండోస్ 7 వంటి వాటికి ప్రత్యేకంగా నవీకరణ ఇవ్వవలసి వచ్చింది. ఆ లోపు మంగళూరుకు చెందిన ఫోరాడియన్ సంస్థ ఒక ఫాంటును విడుదల చేసింది. అందులో, అంకెల వరుసకు ఎడమ చివర ఉండే బ్యాక్‌టిక్ గుర్తు బొమ్మను తీసివేసి, ఆ స్థానంలో రూపాయి బొమ్మను పెట్టారు. ఆ రోజులలో దానిని వాడి తయారుచేసిన ఫైలును ఇప్పుడు ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే, ప్రతి మొత్తానికి ముందు ఒక వాలుగీత మాత్రమే కనిపిస్తుంది. మా పాఠశాల పాత లెక్కల ఫైళ్లలో ఇటువంటి గీతలను చూసి అవి దోషాలని తుడిచివేసిన అనుభవం నాకు ఉంది. చిన్న సున్నా డిగ్రీ కానట్టే, బొమ్మ మారిన బ్యాక్‌టిక్ రూపాయి కాదు. కంటికి ఒకటిగా కనిపించే రెండు వస్తువులు యంత్రానికి వేరు వేరు సంఖ్యలు.

ఇక ఈ కీబోర్డులో డబ్బుకు తగిన విలువ ఉన్న భాగం, దుకాణదారు ప్రస్తావించనే లేని నంబర్ ప్యాడ్. విండోస్‌లో ఆల్ట్ మీటను పట్టుకుని, నంబర్ ప్యాడ్ మీద ఒక సంఖ్య కొట్టి, ఆల్ట్‌ను వదిలితే ఆ సంఖ్యకు చెందిన గుర్తు పడుతుంది. నంబర్ లాక్ వెలుగుతూ ఉండాలి. పై వరుసలోని అంకెలతో ఈ పని జరగదు. 0176 కొడితే డిగ్రీ గుర్తు, 0177 కొడితే ±, 0178 కొడితే వర్గాన్ని సూచించే ², 0181 కొడితే మైక్రో గుర్తు µ, 0189 కొడితే ½, 0215 కొడితే గుణకార చిహ్నం ×, 0247 కొడితే భాగహారం ÷ వస్తాయి. గుణకారానికి ఆంగ్ల అక్షరమాలలోని ఎక్స్‌ను వాడే అలవాటు మన ప్రశ్నపత్రాలలో బాగా పాతుకుపోయింది. బీజగణితంలో అదే అక్షరం చరరాశి కూడా కావడం వల్ల పిల్లలు పడే అవస్థ చూసిన వారికి 0215 విలువ తెలుస్తుంది.

ముందు సున్నా పెట్టడం, పెట్టకపోవడం ఒకటి కాదు. సున్నా లేకుండా కొట్టే సంఖ్యలు ఐబీఎం పీసీ కాలం నాటి 256 గుర్తుల పట్టికను అనుసరిస్తాయి. సున్నాతో మొదలయ్యేవి విండోస్ తరువాత తెచ్చుకున్న పట్టికను అనుసరిస్తాయి. అందుకే డిగ్రీ గుర్తు 0176తోనూ వస్తుంది, ఒట్టి 248తోనూ వస్తుంది. పాత పట్టికలో శాస్త్ర ఉపాధ్యాయులకు పనికివచ్చేవి ఎక్కువ: 227కు π, 234కు ఓమ్ గుర్తు Ω, 251కి వర్గమూలం √, 236కు అనంతం ∞, 243కు ≤, 242కు ≥. ఒక్క చోట మాత్రం జాగ్రత్త అవసరం. ఒట్టి 167 కొడితే డిగ్రీలాగే కనిపించే º అనే గుర్తు వస్తుంది కానీ అది డిగ్రీ కాదు, కొన్ని ఐరోపా భాషలలో "మొదటి, రెండవ" వంటి క్రమ సంఖ్యల పక్కన పెట్టే గుర్తు. నేను రెండు నెలలపాటు దానినే వాడాను, ఎవరూ పట్టుకోలేదు. ఫైలులో డిగ్రీ గుర్తును వెదకమని కంప్యూటరును అడిగినప్పుడు, ఎక్కడా లేదని చెప్పేసరికి నాకే తెలిసింది.

నంబర్ ప్యాడ్ పద్ధతికి ఉన్న హద్దు రూపాయి దగ్గర బయటపడుతుంది. యూనికోడ్‌లో రూపాయి గుర్తు సంఖ్య 8377. వర్డ్‌లో ఆల్ట్ పట్టి 8377 కొడితే ₹ వస్తుంది. అదే పని పాత నోట్‌ప్యాడ్‌లో చేస్తే ╣ అనే గీతల గుర్తు వస్తుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు నేను కీబోర్డునే అనుమానించాను. నిజానికి లెక్క సరళమే. పాత పట్టికలో ఉన్నవి 256 గుర్తులే కాబట్టి, 8377ను 256తో భాగించి మిగిలిన శేషాన్ని, అంటే 185ను, ఆ ప్రోగ్రాము తీసుకుంటుంది. ఆ పట్టికలో 185వ గుర్తు పెట్టెలు గీయడానికి ఉద్దేశించిన ఆ జోడు గీత. మా పదో తరగతి పిల్లలకు భాగహార శేషం ఎక్కడ పనికివస్తుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రసాయన శాస్త్రానికి వచ్చేసరికి మరొక మార్గం అవసరమైంది. మర్రిగూడ వైపు ఫ్లోరైడు బాధ తెలియని కుటుంబం ఈ జిల్లాలో అరుదు కాబట్టి, ప్రతి ఏటా నేను నల్లగొండ టెక్నిక్ మీద రెండు పేజీల పత్రం తయారుచేసి పంచుతాను. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఈ పద్ధతిలో నీటిలో పటిక, సున్నం కలిపి, ముద్దలుగా ఏర్పడిన అవక్షేపంతోపాటు ఫ్లోరైడును కిందికి దించుతారు. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదు. ఈ పత్రంలో అల్యూమినియం సల్ఫేటు, కాల్షియం హైడ్రాక్సైడు ఫార్ములాలు రాయాలంటే అక్షరం పాదం దగ్గర చిన్న 2, 3, 4 అంకెలు రావాలి. ఫ్లోరైడు అయాను రాయాలంటే తల మీద చిన్న రుణ గుర్తు రావాలి. వర్డ్‌లో కంట్రోల్‌తో సమాన గుర్తు నొక్కితే కింది అంకెలు, దానికి షిఫ్ట్ కలిపితే పై అంకెలు వస్తాయి. అయితే ఇది డీటీపీ కుర్రవాడు సున్నాతో చేసిన అలంకారం వంటిదే, పత్రాన్ని వాట్సాప్‌లోకి అతికిస్తే రాలిపోతుంది. రాలని పద్ధతి వేరే ఉంది: వర్డ్‌లో 2082 అని కొట్టి వెంటనే ఆల్ట్‌తో ఎక్స్ మీటను నొక్కితే ఆ నాలుగంకెలు మాయమై ₂ మిగులుతుంది. 2083కు ₃, 2084కు ₄ అలాగే వస్తాయి. లిబ్రేఆఫీస్‌లోనూ ఇదే మీటల జోడు పనిచేస్తుంది. దీనికి నంబర్ ప్యాడ్ అవసరం లేదు కాబట్టి ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఇది నిజమైన ఊరట.

ల్యాప్‌టాప్ అన్నాను కనుక ఒక మాట. ఈ కీబోర్డుకు ముందు నా దగ్గర ఉన్నది హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక ల్యాప్‌టాప్, ఇంగ్లండు నుంచి వచ్చిన సరుకు. దాని ఎంటర్ మీట నిలువుగా ఉండేది, 3 మీద పౌండు గుర్తు, 2 మీద ఉల్లేఖన చిహ్నం ఉండేవి. అమ్మినవారు అందులో అమెరికా లేఅవుట్ వేసి ఇచ్చారు. ఈమెయిల్ చిరునామాలోని @ కోసం దాని బొమ్మ ఉన్న మీటను నొక్కితే ఉల్లేఖన చిహ్నం, ఉల్లేఖన చిహ్నం కోసం నొక్కితే @ వచ్చేవి. పాస్‌వర్డు కొట్టేటప్పుడు తెర మీద చుక్కలే కనిపిస్తాయి కనుక ఏది పడిందో తెలియదు; జీతాల పోర్టల్‌లో మూడుసార్లు తప్పు కొట్టి ఖాతాను మూయించుకున్నాను. మీటల బొమ్మలకు సరిపోయేలా బ్రిటన్ లేఅవుట్ పెట్టుకుంటే ఆ బాధ తీరింది కానీ కుడి ఆల్ట్‌తో నాలుగు నొక్కినప్పుడు రూపాయికి బదులు యూరో గుర్తు వచ్చింది. నల్లగొండలో కూర్చుని మధ్యాహ్న భోజనం బిల్లులు యూరోలలో రాయలేను కదా.

తెలుగు అక్షరాల సంగతికి వద్దాం. మీటల మీద ఆకుపచ్చగా అచ్చయినవి ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి ప్రకారం ఉన్నాయి. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణీకరించిన ఈ అమరికలో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. ఒకసారి చేతులు అలవాటుపడితే ఎడమ, కుడి చేతులు వంతులవారీగా ఆడుతూ మంచి వేగం వస్తుంది. మా హిందీ పండితురాలు హిందీలో క కొట్టే మీటే నాకు తెలుగులో క కొట్టే మీట కావడం కూడా ముచ్చటైన విషయమే. అచ్చు నాణ్యతకు మాత్రం మార్కులు వేయలేను. ఆరో నెలకే పొల్లు గుర్తు ఉన్న మీట మీద ఆకుపచ్చ రంగు పూర్తిగా చెరిగిపోయింది. తెలుగులో ప్రతి వత్తుకూ దానినే నొక్కాలి మరి.

ఇన్‌స్క్రిప్ట్‌లో ప్రత్యేక గుర్తుల పరిస్థితి కొత్తవారిని ఖంగు తినిపిస్తుంది. అక్షరాలకు స్థలం చాలక, ఆంగ్లంలో గుర్తులు ఉండే చోట్లను తెలుగు సంయుక్తాక్షరాలకు ఇచ్చేశారు. షిఫ్ట్‌తో 5 నొక్కితే శాతం గుర్తుకు బదులు జ్ఞ వస్తుంది, 6 నొక్కితే త్ర, 7 నొక్కితే క్ష, 8 నొక్కితే శ్ర. హాజరు నివేదికలో "90జ్ఞ" అని పంపి మండల కార్యాలయంలో నవ్వులపాలైన ఉపాధ్యాయుడిని నేనొక్కడినే కాకపోవచ్చు. దీనికన్నా కష్టమైనది ప్రశ్నార్థకం. అది ఉండవలసిన మీటను యకారానికి కేటాయించారు. ప్రశ్నపత్రం తయారుచేసేవాడికి ప్రశ్నార్థకం దొరకకపోవడం కంటే విడ్డూరం ఏముంటుంది? విండోస్ మీటతో స్పేస్ నొక్కి ఆంగ్లానికి మారి, ప్రశ్నార్థకం కొట్టి, మళ్లీ తెలుగుకు రావాలి. ముప్పై ప్రశ్నలకు అరవైసార్లు మారవలసి వస్తుంది. ప్రశ్నలన్నీ ప్రశ్నార్థకం లేకుండా కొట్టి, చివరన ఆంగ్లానికి మారి ఒక్కసారిగా పెట్టుకుంటూ పోవడం నేను కనిపెట్టిన ఉపాయం. గుణకార నక్షత్రం, కూడిక, తీసివేత గుర్తులు నంబర్ ప్యాడ్ మీద విడిగా ఉన్నందున వాటికి ఈ బాధ లేదు. ఈ కీబోర్డును చిన్నదిగా, నంబర్ ప్యాడ్ లేకుండా కొనకపోవడం ఇక్కడ మరోసారి కలిసివచ్చింది.

ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునే ఓపిక లేనివారికి విండోస్ 10లో 2019 మే నవీకరణ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు అందుబాటులో ఉంది. ఆంగ్ల అక్షరాలతో పలుకుబడి కొడితే తెలుగు వస్తుంది. అదే నవీకరణలో విండోస్ మీటతో చుక్కను నొక్కితే తెరుచుకునే ఎమోజీ పెట్టెకు గుర్తుల విభాగం కూడా చేరింది. కరెన్సీ, గణితం, గ్రీకు అక్షరాలు అందులో వరుసగా ఉంటాయి, తరచుగా వాడేవి ముందుకు వస్తాయి. సంఖ్యలు గుర్తుపెట్టుకోలేని నా సహోద్యోగులందరికీ నేను చూపేది ఈ పెట్టెనే. నాకు మాత్రం మౌసు పట్టుకుని వెదకడం కంటే 0176 కొట్టడమే హాయి.

కంటికి కనిపించని ఒక గుర్తు మన వైపు ఊళ్ల పేర్లకు ప్రాణం వంటిది. మహబూబ్‌నగర్ అని మామూలుగా కొడితే పొల్లు బకారం కింద నకారం వత్తుగా చేరిపోయి మహబూబ్నగర్ అవుతుంది. నాగర్‌కర్నూల్ పేరులో రేఫకు కకారం అంటుకుంటుంది. రెండు అక్షరాల మధ్య వెడల్పు లేని ఒక విడదీత గుర్తును పెడితేనే పొల్లు పొల్లుగా నిలుస్తుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 8204. వర్డ్‌లో ఆల్ట్ పట్టి నంబర్ ప్యాడ్ మీద 8204 కొడితే ఏమీ పడనట్టే ఉంటుంది, తరువాతి అక్షరం కొట్టగానే తేడా తెలుస్తుంది. ఆంగ్ల అక్షరాలతో కొడితే తెలుగు ఇచ్చే లేఖిని వంటి పరికరాలలో ఆంగ్లపు టోపీ గుర్తు ^ ఇదే పని చేస్తుంది. ప్రభుత్వ ఉత్తరాలలో కూడా జిల్లా పేరు వత్తుతో అచ్చవడం చూస్తుంటాం, తప్పు రాసినవారిది కాదు. కీబోర్డు మీద ఇటువంటి మీట ఒకటి ఉండాలని దాని తయారీదారులకు తోచకపోవడమే నా దృష్టిలో లోపం. రూపాయి బొమ్మకు చోటు దొరికిన నాలుగో మీట పక్కన దీనికి చోటు లేకపోదు.

మా తెలుగు పండితులకు ఈ కీబోర్డు ఒక వారం అరువిచ్చాను. అరసున్న ఇన్‌స్క్రిప్ట్‌లోనే, నిండుసున్న (ం) ఉన్న మీట మీద షిఫ్ట్‌తో వస్తుంది కనుక వారికి మొదటి రోజే సంతోషం కలిగింది. ఛందస్సు పాఠానికి గురువుకు ఆంగ్లపు యూ, లఘువుకు నిలువు గీత సరిపోయాయి. పాత పద్యంలోని అవగ్రహం ఽ కోసం 3133 రాసి ఇచ్చాను. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన భాగం చిట్టచివర, 3199 దగ్గర, తూము అనే ధాన్యపు కొలత గుర్తు ౿ ఉందని చూపినప్పుడు ఆయన చాలాసేపు తెరనే చూస్తూ, "మా తాత వడ్ల లెక్కలు రాసిన పుస్తకంల ఇసొంటి గీతలే ఉంటుండె సార్" అన్నారు. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో ఈ గుర్తు, దానితో కొన్ని పాత తెలుగు భిన్నాల గుర్తులు చేరాయి. కొన్ని ఫాంట్లలో వీటికి ఆకారం లేదు, ఖాళీ పెట్టె కనిపిస్తుంది. జిరాక్స్ దుకాణానికి ఫైలు తీసుకుపోయేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చి తీసుకుపోవడం అందుకే మంచిది. ఫాంటు అందులోనే ఇమిడిపోతుంది కాబట్టి పెట్టెలు రావు.

భూమి పత్రాలు కొట్టేవారికి ఒక హెచ్చరిక ఉంది, కీబోర్డుతో దానికి సంబంధం లేకపోయినా. మూడున్నర ఎకరాలకు 3½ అని పెట్టడానికి వర్డ్‌లో ఉన్న సౌకర్యం, ఒకటి బై రెండు అని కొట్టి స్పేస్ నొక్కగానే దానంతట అదే ½గా మారడం. సర్వే నంబరు 1/2 అని రాసినప్పుడు కూడా అది అంతే ఉత్సాహంగా సగం చేస్తుంది. వెంటనే కంట్రోల్‌తో జెడ్ నొక్కితే వెనక్కి వస్తుంది, కానీ తెర చూడకుండా కొట్టేవారికి అది కనబడదు. దస్తావేజులో సర్వే నంబరు అర అయితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ కీబోర్డును మా అన్న కొడుకు మ్యాక్‌కు, పాఠశాలలోని ఉబుంటు యంత్రానికి కూడా తగిలించి చూశాను. మ్యాక్‌లో ఆల్ట్ స్థానంలోని మీట ఆప్షన్‌గా పనిచేస్తుంది: దానికి షిఫ్ట్ కూడా కలిపి 8 నొక్కితే డిగ్రీ, షిఫ్ట్ లేకుండా దానితో పీ నొక్కితే π, వీ నొక్కితే √, జెడ్ నొక్కితే Ω. సంఖ్యలు బట్టీ పట్టవలసిన అవసరమే లేదు. ఈ విషయంలో విండోస్ వెనుకబడిందని ఒప్పుకోక తప్పదు. ఉబుంటులో కంపోజ్ అనే మీటను సెట్టింగులలో నిర్ణయించుకుంటే, దాని తరువాత ఒకటి, రెండు నొక్కగానే ½ వస్తుంది, రెండు చిన్న ఓలు నొక్కగానే డిగ్రీ వస్తుంది. రూపును అనుసరించి గుర్తును కూర్చే ఈ పద్ధతి నాకు అన్నింటికన్నా నచ్చింది, కానీ మా కార్యాలయాలన్నీ విండోస్ మీదే నడుస్తున్నాయి.

వస్తువు నాణ్యత గురించి క్లుప్తంగా: స్పేస్ మీట ఎడమ చివర నొక్కితే కొంచెం ఊగుతుంది, తీగ పొడవు చాలినంత ఉంది, మీటల చప్పుడు రాత్రి పూట ఇంట్లోవారిని లేపేంత లేదు. నంబర్ లాక్ దీపం మసకగా ఉండటం మాత్రం చిరాకు. అది వెలుగుతున్నదో లేదో తెలియక ఆల్ట్ సంఖ్యలు కొట్టి, తెర మీద ఏమీ రాక, బిక్కమొహం వేసిన సందర్భాలు ఉన్నాయి. ఒక ఏడాది వారంటీ అన్నారు కానీ చెరిగిపోయిన తెలుగు అక్షరాలు అందులోకి రావట. దుకాణంలో ₹40కి తెలుగు స్టిక్కర్ల కాగితం ఒకటి దొరుకుతుంది, దానినే తెచ్చి అంటించుకున్నాను.

శాస్త్రం, గణితం బోధించేవారు, దస్తావేజులు కొట్టేవారు, పోటీ పరీక్షలకు తెలుగులో నోట్సు తయారుచేసుకునేవారు దీనిని కొనవచ్చు. వారికి పని చేసేది రూపాయి బొమ్మ కాదు, నంబర్ ప్యాడ్, కుడి ఆల్ట్. కనుక ఇదే ధరలో ఆ రెండూ ఉన్న మరేదైనా దొరికితే అదీ తీసుకోవచ్చు. ఆంగ్లంలో ఉత్తరాలు మాత్రమే కొట్టేవారికి ₹300ది చాలు. దుకాణంలో కొనేటప్పుడు అక్కడే ఒక కంప్యూటరుకు తగిలించి, నంబర్ లాక్ వేయించి, ఆల్ట్‌తో 0176 కొట్టి డిగ్రీ గుర్తు వచ్చిందో లేదో చూసి డబ్బు ఇవ్వండి. నేను మొన్న మా పాఠశాల కోసం మరో రెండు కొన్నప్పుడు అలాగే చేశాను, దుకాణదారు వింతగా చూసి, "ఇదేం నంబరు సార్?" అని అడిగి, తన బిల్లు పుస్తకం అట్ట లోపల రాసుకున్నాడు.